పరుపు విప్పిన ఘనుణ్ణి నేనే

నేను పరుపులు కుట్టేవాణ్ణి. ఇది ముందే చెప్పకపోతే, తర్వాత నేను చేసిన పని విని మీరు నన్ను పిచ్చివాడనుకుంటారు. చెప్పాక కూడా అనుకోవచ్చు. కాకపోతే ఒకే పనిలో తల పండిన మనిషి ఎలా తయారవుతాడో చూపించే నమూనా మీ ఇంట్లోనూ ఒకటి ఉండే ఉంటుంది కాబట్టి, కాస్త జాలి చూపిస్తారని ఆశ.

కింద కొట్టు, పైన ఇల్లు. కొట్టు వెనక గదిలో దూది ఏకే మిషను. అది తిరుగుతుంటే మెట్లమీద, కిటికీ ఊచలమీద, ఆరేసిన బట్టలమీద సన్నటి నూగు పేరుకుంటుంది. మా ఇంట్లో అద్దం తుడవకుండా ముఖం చూసుకున్నవాళ్ళు లేరు. మిషను దగ్గర నేనుంటాను. అంచు కుట్లు మా ఆవిడ వేస్తుంది. కొట్టుకు వచ్చేవాళ్ళలో సగంమంది ఆవిడ కుట్టు చూసి వచ్చేవాళ్ళే. వాళ్ళ మెప్పులన్నీ గల్లాపెట్టె దగ్గర కూర్చుని నేను అందుకుంటుంటాను.

నాకో జబ్బుంది. పరుపు కనిపిస్తే బొటనవేలితో నొక్కి చూడకుండా ఉండలేను. ఎవరింటికి వెళ్ళినా, వాళ్ళు కాఫీ తేవడానికి లోపలికి వెళ్ళగానే నా చెయ్యి మంచం మీదికి పోతుంది. ఒకసారి ఆసుపత్రిలో ఉన్న మా తోడల్లుణ్ణి పలకరించడానికి వెళ్ళి, ఆయన నడుము కింద చెయ్యి పెట్టి, "అన్నయ్యా, నీ జబ్బంతా ఇక్కడుంది, దూది ఉండలు కట్టింది" అన్నాను. ఆయనకు అప్పటికి అపెండిసైటిస్ ఆపరేషనై కుట్లు కూడా ఆరలేదు. ఆ కుటుంబం చాలాకాలం మా గడప తొక్కలేదు.

మా ఆవిడకు దగ్గు ఎప్పుడు మొదలైందో సరిగ్గా చెప్పలేను. ఒక సంవత్సరం జలుబన్నాం, మరో సంవత్సరం పడలేదన్నాం. అది ఇంట్లో ఎంతగా కలిసిపోయిందంటే, దగ్గు వినిపించిన దిక్కును బట్టి ఆవిడ వంటింట్లో ఉందో డాబామీద ఉందో చెప్పేసేవాణ్ణి. అదేదో విద్య అనుకుని మురిసిపోయేవాణ్ణి కూడా. ఒకరోజు కూరలసంచీతో మెట్లెక్కుతూ ఆవిడ సగంలో కూర్చుండిపోయింది. లేవలేదు. పిలిస్తే చెయ్యి ఊపింది గానీ మాట రాలేదు. కాలేజీ నుంచి అప్పుడే వచ్చిన మా అమ్మాయి సంచీ నా చేతిలో పెట్టి, తల్లిని ఆటోలో కూర్చోబెట్టుకుని ఛాతీ డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. నేను సంచీ పట్టుకునే వెనక ఇంకో ఆటోలో వెళ్ళాను.

డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి, మేం చేసే పని ఏమిటని అడిగింది. చెప్పాను.

"మిషను ఎక్కడుంటుంది?"

"ఇంట్లోనేనండీ."

"ఇల్లెక్కడ?"

"మిషను మీదేనండీ."

ఆవిడ కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టింది. "ఒక వారం ఈవిణ్ణి దూదికి పూర్తిగా దూరంగా ఎక్కడికైనా తీసుకెళ్ళండి. కొండగాలి అయితే మరీ మంచిది. దగ్గు తగ్గితే కారణం దూదే. దూదే అయితే భయం లేదు, దానికి దూరంగా ఉంటే మనిషి కోలుకుంటుంది. తగ్గకపోతే మాత్రం లోపల ఇంకేమైనా ఉందేమో చూడాలి. ఫిల్ములో ఒకచోట నాకంత నచ్చలేదు."

ఆ చివరి మాట వినవలసినవాణ్ణి, నేను మొదటి మాట దగ్గరే ఆగిపోయాను. నా దూదిని అంటుందా అని రోషం పొడుచుకొచ్చింది. "మా నాన్న జీవితమంతా ఆ దూదిలోనే బతికాడండీ" అన్నాను.

"ఎలా పోయారు?"

"దగ్గుతో" అన్నాను. మా అమ్మాయి తల పట్టుకుంది.

మిషను ఊరి చివర షెడ్డుకు మార్చమని ఆ పిల్ల ఎప్పటినుంచో పోరుతోంది. మా నాన్న బిగించిన చోటునుంచి దాన్ని కదిపితే ఆయన్నే ఇంట్లోంచి గెంటినట్టు ఉంటుందని నేను మొండికేస్తూ వచ్చాను. ఇప్పుడు మాత్రం ప్రయాణం తప్పలేదు. పెళ్ళైన ఇన్నేళ్ళలో కొట్టు మూసి మేం ఎక్కడికీ వెళ్ళలేదు. మా ఆవిడ ససేమిరా అంటుందని, నచ్చజెప్పడానికి బోలెడు మాటలు కూడగట్టుకుని పైకి వెళ్ళాను. నోరు తెరవగానే సరే అంది. కూతురికి తోడు తానూ వస్తానని మా అత్తగారు చేతికర్ర, మూడు సంచులతో దిగింది. అలా మా మొట్టమొదటి విహారయాత్ర మొదలైంది.

కొండమీది గెస్ట్ హౌసుకు చేరేసరికి ముసురు. మేనేజరు కిటికీ తెరిచి, "అదిగోనండీ సరస్సు" అని చూపించాడు. ఎదురుగా తెల్లటి గోడలాంటి మంచు తప్ప ఏమీ లేదు.

"ఎక్కడ బాబూ?" అంది మా అత్తగారు కళ్ళు చికిలించి.

"మంచు తీస్తే అక్కడే ఉంటుందండీ" అన్నాడతను, సరస్సుకు తనే పూచీ అన్నట్టు.

వేడినీళ్ళ గీజరు చల్లటి నీళ్ళిచ్చింది. టీవీలో వంటల కార్యక్రమం ఒక్కటే వచ్చింది, అదీ బొమ్మ లేకుండా. ఇవన్నీ నేను పట్టించుకోలేదు. గదిలో అడుగు పెట్టిన దగ్గర్నుంచీ నా చూపు మంచం మీదే ఉంది. మూలనుంచి చూస్తేనే తెలుస్తోంది, నడుము దగ్గర పల్లం, తల దగ్గర గుట్ట.

"వద్దు" అంది మా ఆవిడ.

"నేనేం చేశాను?"

"మీ బొటనవేలు లేచింది. నేను చూశాను. అది పరుపు కాదు, మనం పడుకునే చోటు. అంతే అనుకోండి."

అనుకోవడానికి శాయశక్తులా ప్రయత్నించాను. తెల్లవారేసరికి నా వీపుకు ఆ పరుపులోని ప్రతి ఉండా పేరుపేరునా పరిచయమైంది. మా ఆవిడ రాత్రంతా దగ్గుతూనే ఉందని వేరే చెప్పనక్కర్లేదు. మర్నాడూ అంతే. పగలు బయట తిరిగినంతసేపు కాస్త నెమ్మది, గదిలోకి వచ్చి నడుం వాల్చగానే మొదలు. ఒక్కోసారి ఇంటి దగ్గరికన్నా ఎక్కువగా ఉన్నట్టు కూడా అనిపించింది.

మూడో రోజు పొద్దున టీ తాగుతూ అమ్మాయితో ఒక మాట అన్నాను. నా తెలివికి నిదర్శనంగా దాన్ని మీతో చెప్పకుండా ఉండలేను. "చూశావా, దూదికి ఇంత దూరం వచ్చినా తగ్గలేదు. దూది కాదని నేను ముందే అన్నాను" అన్నాను. గొంతులో కాస్త విజయం కూడా ఉంది.

పిల్ల కప్పు కింద పెట్టింది. "దూది కాకపోతే మరేమిటో ఆలోచించారా నాన్నా?"

ఆలోచించలేదు. అప్పుడు ఆలోచించాను. డాక్టరమ్మ చివరగా అన్న మాట, అన్నాళ్ళూ చెవిలో పడి లోపలికి వెళ్ళకుండా కూర్చున్న మాట, ఇప్పుడు పూర్తిగా వినిపించింది. నేను నెగ్గాలనుకున్న పందెంలో నెగ్గితే పోయేది ఎవరో ఇంతసేపూ నాకు తట్టనేలేదు. ఇలాంటి మొగుణ్ణి ఏ సంతలోనూ కొనరు.

భయం పుడితే కొందరు దండం పెట్టుకుంటారు, కొందరు సిగరెట్టు కాలుస్తారు. నాకు చేతులు ఊరుకోవు. ఆవిడ ఊపిరితిత్తుల్ని నేనేం చేయలేను, ఆ పరుపుని మాత్రం చేయగలను. దాన్ని విప్పి, ఉండలు కొట్టి, మళ్ళీ సమంగా పరిచి కుట్టేస్తే మిగిలిన రోజులైనా ఒక్క కునుకు తీస్తుంది కదా అనుకున్నాను. అప్పుడు నాకది చాలా మంచి ఆలోచనలా కనిపించింది. చెడ్డ ఆలోచనలన్నీ నాకు అలాగే కనిపిస్తాయి.

ఆ ఉదయం వాన తెరిపిచ్చింది. ముగ్గురూ సరస్సు చూసొద్దామని బయల్దేరారు. నేను మోకాలు పట్టేసిందన్నాను. దిగుడులో కర్ర జారుతుందని మా అత్తగారు దాన్ని గదిలో వదిలేసి మనవరాలి చెయ్యి పట్టుకుంది. వాళ్ళు మలుపు తిరగడం చూసి తలుపేశాను. మేనేజరు కంట పడకూడదని కిటికీలూ మూశాను. దబ్బనం, పురికొస ఎక్కడికి వెళ్ళినా నా సంచీలో ఉంటాయి. పండ్లు కోసుకునే చాకు తీసి అంచు కుట్టు కోసేశాను.

లోపల ఉన్నదాన్ని దూది అంటే దూదికి కోపం వస్తుంది. ఎన్నేళ్ళనాటిదో, నల్లబడి, చెమ్మ తాగి, బూజు పట్టింది. మధ్యమధ్య గుడ్డపీలికలు. ఒక సగం దువ్వెన, ఒక చిన్నపిల్ల మేజోడు కూడా బయటపడ్డాయి. దీన్ని కుట్టినవాడెవడో గానీ చిర్రెత్తుకొచ్చింది, నాలుగు తిట్లు తిట్టాను. తర్వాత అంతా నేలమీద కుప్ప పోసి, మా అత్తగారి చేతికర్ర తీసుకుని, మా నాన్న కొట్టినట్టు వాయించడం మొదలుపెట్టాను. నిజం చెప్పొద్దూ, ఇల్లు వదిలాక నేను హాయిగా ఉన్నది ఆ కాసేపే. గదంతా దుమ్ము లేచింది. ఎదురుగా ఉన్న గోడ కూడా కనపడలేదు. బయట మంచు, లోపల నేను.

వాన మళ్ళీ అందుకోవడం నేను వినలేదు. వాళ్ళు సగం దారిలోనే వెనక్కి తిరిగారు. ముందుగా తలుపు తెరిచింది మా ఆవిడ. మెట్లెక్కి వచ్చిన ఆయాసంతో గట్టిగా గాలి పీల్చుకుంది.

ఆ తర్వాత జరిగినదాంట్లో హాస్యం లేదు. దగ్గు తెర మీద తెరగా వచ్చి, చివరికి దగ్గడానికి కూడా ఊపిరి లేకుండా పోయింది. గుమ్మం పట్టుకుని అలాగే కిందికి జారింది. పెదవులు నల్లబడ్డాయి. అమ్మాయి ఆవిణ్ణి చంకల కింద పట్టుకుని, వరండాలోకి ఈడ్చుకుపోయి, కిటికీ దగ్గర కూర్చోబెట్టి, డాక్టరమ్మ ఇచ్చిన పీల్చే మందు నోట్లో కొట్టింది. ఒకసారి, మళ్ళీ ఒకసారి. పక్క గదులవాళ్ళందరూ చేరారు. నేను నిలువునా దుమ్ముకొట్టుకుపోయి, చేతిలో కర్రతో, దగ్గరికి వెళితే నా ఒంటిమీదిదే ఆవిడకు తగులుతుందని అర్థమై దూరంగా నిలబడిపోయాను. ఆవిడ పోతోందనుకున్నాను. నేనే చంపుకున్నాననుకున్నాను.

కొంతసేపటికి ఒక ఊపిరి సాఫీగా లోపలికి వెళ్ళింది. ఆ వెనకే ఇంకొకటి. మా అత్తగారు అప్పుడు నా వైపు తిరిగింది.

"ఆ కర్ర ఇలా ఇవ్వండి అల్లుడుగారూ."

కొడుతుందనుకుని ఇచ్చాను. ఆవిడ దాన్ని ఆనుకుని మెల్లగా కూతురి పక్కన కూర్చుంది. కొట్టినా బాగుండేది.

మేనేజరు గదిలోకి తొంగి చూశాడు. "దుప్పట్లు ఎత్తుకుపోయినవాళ్ళని చూశాను, బల్బులు విప్పుకుపోయినవాళ్ళని చూశాను. పరుపు కోసి ఆరబెట్టినవాణ్ణి మాత్రం నిన్నే చూడటం" అన్నాడు. 'మీరు' కాస్తా 'నువ్వు' అయింది, తప్పు నాదే కాబట్టి ఊరుకున్నాను. గది కడిగి ఆరబెట్టేదాకా ఇవ్వనన్నాడు. మిగతా గదులన్నీ నిండాయి. కొండ దిగుదామంటే ఆ వానకు బస్సులు ఆపేశారు. చివరికి ముందు వరండాలో చోటు చూపించాడు. మూడువైపులా అద్దాల కిటికీలు, కూర్చోవడానికి చెక్క బెంచీలు, రెండు పేము కుర్చీలు. కప్పుకోవడానికి తలా ఒక ఉన్ని కంబళి ఇచ్చాడు. నాకు మాత్రం వెనక షెడ్డు చూపించి, ఆ పరుపు మళ్ళీ పరుపు అయ్యేదాకా అక్కడే ఉండమన్నాడు.

అలా మా కుటుంబం వరండాకెక్కింది. అందరూ టిఫిన్లకు వెళ్ళే దారి అదే. పళ్ళు తోముకుంటూ, తల దువ్వుకుంటూ, కంబళిలోంచి కాలు బయటపెట్టుకుని, వచ్చేపోయేవాళ్ళందరికీ మేం కనిపిస్తుండేవాళ్ళం. సరస్సు ఎలాగూ మంచులోనే ఉంది కాబట్టి ఆ గెస్ట్ హౌసులో చూడదగ్గవి మేమే అయ్యాం. ఒక పెద్దాయన ఆగి నన్ను చూపిస్తూ భార్యతో, "ఆయనే" అన్నాడు. పేరు ప్రఖ్యాతులు రావడమంటే ఇంతేనేమో.

షెడ్డులోంచి వచ్చిన ప్రతిసారీ స్నానం చేసి, బట్టలు మార్చుకుంటే గానీ అమ్మాయి నన్ను వరండా గడప దాటనిచ్చేది కాదు. గీజరు సంగతి చెప్పానుగా. కొండ గాలిలో, చన్నీళ్ళు నెత్తిన గుమ్మరించుకుంటూ, పళ్ళు టకటకమంటుంటే, ఈ శిక్ష నాకు చాలదని అనుకునేవాణ్ణి. రెండో చెంబు దగ్గర మాత్రం చాలని అనిపించేది.

మర్నాడు మధ్యాహ్నం చివరి కుట్టు వేసి, స్నానం చేసి వచ్చాను. వరండా ప్రశాంతంగా ఉంది. మా అత్తగారు పేము కుర్చీలో కునుకుతూ, అమ్మాయి కిటికీ దగ్గర పుస్తకంతో. మా ఆవిడ బెంచీమీద పక్కకు తిరిగి పడుకుని ఉంది. కదలిక లేదు. కాసేపు నిలబడి చూశాను. ఎంతకీ దగ్గు రాలేదు. మెల్లగా వెళ్ళి, ముక్కు దగ్గర వేలు పెట్టాను.

ఆవిడ ఒక కన్ను తెరిచింది. "ఏమిటి?"

"ఏం లేదు. ఊపిరి..."

"ఆడుతోంది. మీరు కిటికీకి అడ్డం తప్పుకుంటే ఇంకా బాగా ఆడుతుంది."

పక్కకు జరిగాను. అమ్మాయి పుస్తకం మూసి, "నిన్న సాయంత్రం నుంచీ దగ్గలేదు నాన్నా" అంది. "పైకి అంటే మళ్ళీ మొదలవుతుందేమోనని చెప్పలేదు. రాత్రంతా పడుకుంది. పొద్దున మెట్లు దిగి, మాట్లాడుతూ ఎక్కింది."

"ఇన్నాళ్ళూ తగ్గనిది..." అని మొదలుపెట్టి ఆగిపోయాను.

"ఇన్నాళ్ళూ అమ్మ దూదికి దూరంగా ఎక్కడుంది?" అంది పిల్ల. "ఆ పాడు పరుపుమీదే కదా ముఖం పెట్టుకుని పడుకుంది."

బెంచీ చివర కూలబడ్డాను. ముప్పై ఏళ్ళుగా పరుపులు కుడుతున్నవాణ్ణి, పరుపు మెత్తగా ఉందో గట్టిగా ఉందో చూశాను గానీ, అది దూదేనన్న సంగతి నా బుర్రకు ఎక్కలేదు. నేను దాన్ని విప్పకపోయి ఉంటే, వాన ఆగి ఉంటే, మేనేజరు మంచివాడై ఇంకో గది ఇచ్చి ఉంటే, మేం వారమంతా అలాంటి పరుపుమీదే పడుకుని, ఇంటికి వెళ్ళి, తగ్గలేదండీ అని డాక్టరమ్మకు చెప్పేవాళ్ళం. ఆవిడ ఇంకేదో వెతకడం మొదలుపెట్టేది. ఆ పరుపు కుట్టిన దరిద్రుడికి, అంతకుముందు తిట్టినవాడికే, మనసులోనే చేతులు జోడించాను. వానకూ జోడించాను. మేనేజరుకు నిజంగానే జోడించాలనిపించింది గానీ, మళ్ళీ ఏం కోశానోనని కంగారుపడతాడని మానుకున్నాను.

నా వృత్తే దోషి అని తేలింది. అందుకు ఇంత సంతోషించిన పనివాడు మరొకడు ఉండడు.

"అయితే దూదేనన్నమాట" అంది మా ఆవిడ, లేచి కూర్చుంటూ.

"దూదే."

ఆవిడ అమ్మాయికి వినపడకుండా గొంతు తగ్గించి, "నేను కాదనుకున్నాను" అంది.

"మరేమనుకున్నావు?"

"నాకింక ఎక్కువ రోజులు లేవనుకున్నాను. మీరు ప్రయాణమనగానే సరే అన్నది అందుకే. అమ్మా, పిల్లా, మీరూ, అందరం ఒక్కసారి ఎక్కడైనా కలిసి కూర్చుంటే చాలనిపించింది. ఎక్కడికని కూడా అడగలేదు, గమనించారా?"

గమనించలేదు. నా మాటకు అంత విలువిచ్చిందని అనుకున్నాను. దారి పొడుగునా బస్సులో ఆవిడ మమ్మల్ని ఒక్కొక్కరినే చూస్తూ కూర్చుంటే, బస్సు పడక వికారంగా ఉందేమోనని నిమ్మకాయ ఇచ్చినవాణ్ణి నేను. ఇన్ని రోజులు ఆ భయాన్ని ఒక్కతే మోస్తూ, మా అందరికీ కంబళ్ళు సర్దింది. నాకు ఏడుపు ఆగలేదు. పెద్దగానే ఏడ్చాను. టిఫిన్ల గదిలోంచి ఇద్దరు తొంగి చూశారు.

మా అత్తగారికి మెలకువ వచ్చింది. "అల్లుడుగారు ఎందుకేడుస్తున్నారే? మళ్ళీ ఏమైనా చింపారా?"

"లేదమ్మా" అంది మా ఆవిడ, నా చేతిమీద చెయ్యి వేసి. "ఇంటికెళ్ళగానే మిషను ఊరిచివరి షెడ్డుకి మార్చేస్తారట. అది చెబుతున్నారు."

నేనా మాట ఇంకా అననేలేదు. అమ్మాయి పుస్తకం మీంచి తలెత్తి నా వైపు చూసింది, నేను కాదంటానేమోనని.

"అవునండీ అత్తయ్యా" అన్నాను.